ధైర్యము గొప్పదా, దారి గొప్పదా?

విద్యార్థికి పుస్తకము ఒక కన్ను, యాత్ర రెండవ కన్ను అని మేము తరగతిలో పలుమారు చెప్పియుంటిమి. కొన్ని సంవత్సరముల క్రిందట ఈ వార్షిక సంచికయందే మేమొక వ్యాసము వ్రాసి, మన బాలబాలికలు సైకిలును బడికి వచ్చుటకును అంగడికి పోవుటకును తప్ప వినియోగింపరనియు, పది ఊళ్లు తిరిగి తమ సీమను తామే చూచి రావలెనన్న ఉత్సాహము వారికి లేదనియు, ఇందుకు ధైర్యహీనతయే కారణమనియు గట్టిగా వాదించితిమి. ఆ వ్యాసమును మెచ్చినవారు కొందరుండిరి. నేడు దానిని మేమే ఖండింపవలసి వచ్చినది. తన అభిప్రాయము తప్పని తోచినపుడు, దానిని ఏ పుటలయందు ప్రకటించెనో ఆ పుటలయందే ఉపసంహరించుకొనుట ఉపాధ్యాయునికి ధర్మము.

ఆ సంచిక వెలువడిన మరుసటి యేడు మా తొమ్మిదవ తరగతి విద్యార్థి యొకడు, మా వ్యాసమును చదివియే యనుకొందుము, ఇరువురు స్నేహితులను వెంటబెట్టుకొని ఆదివారపు ఆరాధన ముగిసిన పిమ్మట సముద్రతీరమునకు సైకిలుపై బయలుదేరెను. పెద్దరోడ్డుపై వెనుకనుండి వచ్చిన లారీ యొకటి వానిని త్రోసివేసెను. దేవుని కృపవలన ప్రాణము దక్కెను గాని, కుడికాలి యెముక విరిగి ఒక సంవత్సరపు చదువు పోయినది. మేము పరామర్శకు వెళ్లినపుడు, మా మనసులోని బరువును ఏదో విధమున దించుకొనదలచి, "మీవాడు ధైర్యవంతుడండీ" అంటిమి. తండ్రిగారు చాలసేపు మాటలాడలేదు. తరువాత మెల్లగా, "ధైర్యానికేం మేష్టారూ, మావాడికి బోలెడుంది. దారేదండీ?" అనిరి.

ఆ ప్రశ్నకు ఆనాడు మావద్ద ఉత్తరము లేకపోయెను. కొంత ఉత్తరము మాకు పరదేశమున దొరకినది. అది యెట్లు దొరకినదో విద్యార్థులకును తలిదండ్రులకును విన్నవింతుము.

2022 వ సంవత్సరము ఆగస్టు మాసమున ఉత్తర ఇంగ్లండునందలి ఒక సంఘమువారు మమ్ము ఆహ్వానించిరి. మా ఆతిథేయులు ఉద్యోగము విరమించిన ఉపాధ్యాయులు, డెబ్బదియేండ్లవారు. వారు మాకొక సైకిలు అద్దెకు ఇప్పించి, తాము తోడు వచ్చి, ఆ దేశమునకు పడమటి సముద్రమునుండి తూర్పు సముద్రమువరకు పోవు సైకిలు బాటపై అయిదు దినములు నడిపించిరి. ఈ బాట 1994 వ సంవత్సరమున తెరవబడినది. ఐరిష్ సముద్రపుటొడ్డున వైట్‌హేవెన్ అను రేవు పట్టణమున మొదలై, లేక్ డిస్ట్రిక్టు అను సరస్సుల సీమను, ఈడెన్ నది లోయను, పెన్నైను కొండల బీడులను దాటి, టైన్‌మౌత్ వద్ద ఉత్తర సముద్రమును చేరును. నిడివి సుమారు 140 మైళ్లు. బయలుదేరునపుడు వెనుక చక్రమును పడమటి సముద్రమున తడిపి, చేరినపుడు ముందు చక్రమును తూర్పు సముద్రమున తడుపుట అచ్చటి యాత్రికుల ఆచారము. ఆ దేశమున గాలి ఎక్కువగా పడమటినుండి వీచును గనుక, వీపున గాలి పెట్టుకొని తూర్పునకు పోవుటయే వాడుక.

మూరు అను మాటకు మన భాషలో సరియైన పదము లేదు. అది మన మన్యపు కొండలవలె అడవి కాదు, మన మెట్టసీమ బీడువలె ఎండినదియు కాదు. ఎత్తైన కొండల వెన్నులపై చెట్టు లేక, ఇల్లు లేక, మైళ్లకొలది పరచుకొన్న తడినేల యది. నాచును గడ్డియు నీటిలో నానుచు, చలివలన పూర్తిగా క్రుళ్లక, పొరపై పొరగా పేరుకొని పీట్ అను నల్లని మన్నగును. ఆ మన్ను ఏటికి ఒక మిల్లీమీటరు చొప్పున పెరుగునందురు. మనిషి నిలువెత్తు పెరుగవలెనన్న వేయి యేండ్లకు మించి పట్టునని విద్యార్థులు లెక్క కట్టుకొనవచ్చును. దానిపై హెదర్ అను పొట్టి పొద పెరుగును. ఆగస్టునందు అది పూచినపుడు కొండలన్నియు ఊదారంగు దుప్పటి కప్పుకొన్నట్లుండును. గ్రౌజ్ అను కోడిజాతి పక్షులకు లేతచిగురు దొరకుటకై కొంత కొంత భాగమున ఆ పొదలను కాల్తురు గనుక, ఆ దుప్పటికి అచ్చటచ్చట మాసికలు వేసినట్లు కనిపించును. కొండల నడుమ లోయలలో మాత్రము పచ్చిక బయళ్లును, సున్నము లేక పేర్చిన రాతిగోడలును, గొఱ్ఱెలును, చిన్న చిన్న ప్రార్థనాలయములునుండును. పద్దెనిమిదవ శతాబ్దమున జాన్ వెస్లీగారు గుఱ్ఱముపై తిరిగి గనిపనివారికి బోధించిన లోయలలో ఇవి కొన్ని.

ఈ దారిలో మిక్కిలి కఠినమైన ఎక్కుడు హార్ట్‌సైడ్ కనుమ. ఈడెన్ లోయనుండి బయలుదేరినవాడు సుమారు 1,900 అడుగుల ఎత్తునకు పోవలెను. అచ్చటికి సమీపమున క్రాస్ ఫెల్ అను 2,930 అడుగుల కొండ కలదు. దాని మీదినుండి ఒక్కొక్కప్పుడు దిగివచ్చు ఈశాన్యపు గాలికి హెల్మ్ విండ్ అని పేరు. ఆ ద్వీపమంతటిలో ప్రత్యేకముగా పేరు గల గాలి ఇదొక్కటియే యందురు. ఆనాడు ఆ గాలి వీచలేదు గాని మాకు ఊపిరి చాలలేదు. సగము దూరము పోవుసరికి మా ఆతిథేయులు నిబ్బరముగా దిగి సైకిలును నడిపింపసాగిరి. మేము పట్టుదలతో మరి రెండువందల గజములు త్రొక్కి, తల తిరిగి, గట్టుపై కూలబడితిమి. వారు నడచివచ్చి మా ప్రక్క నిలిచి, దిగుట సిగ్గు కాదనియు, సమయమునకు దిగినవాడే శిఖరమును చూచుననియు చెప్పిరి. ఆ పిమ్మట ఇరువురమును నడచియే పైకి చేరితిమి. పరీక్షలో ఒక ప్రశ్న రానందున మిగిలిన ప్రశ్నలనుగూడ వదలి వచ్చు మా విద్యార్థులకు ఈ మాట చెప్పవలెనని అప్పుడే అనుకొంటిమి.

ఆ మరునాడు నెంట్‌హెడ్ అను గ్రామముమీదుగా పోతిమి. అది సీసపు గనుల కొరకు పుట్టిన ఊరు. క్వేకరు సమాజమువారు నడిపిన లండన్ లెడ్ కంపెనీ అచ్చట పనివారికి ఇండ్లును, బడియు, గ్రంథాలయమును కట్టించెను. పందొమ్మిదవ శతాబ్దపు తుదిభాగమున సీసపు ధర పడిపోగా గనులు క్షీణించి జనులు చెదరిపోయిరి. ఆ ఊరు దాటిన పిమ్మట బాట బ్లాక్ హిల్ అను సుమారు 2,000 అడుగుల మిట్టనెక్కును. ఈ యాత్రయంతటిలో అదియే అత్యున్నత స్థలము. అచ్చట మేము మా ఆతిథేయులను, "ఇంత కఠినమైన దారిని మీ పిల్లలకు ఎట్లు అప్పగించుచున్నారు?" అని యడిగితిమి. వారు కొండను చూపించి, "దీనికి మేము భయపడము. మోటారు బండ్లకు భయపడుదుము. వాటినుండి వీలైనంతవరకు తప్పించితిమి" అనిరి.

అప్పుడు మాకు ఆ తండ్రిగారి ప్రశ్న జ్ఞప్తికి వచ్చినది. ఈ బాటను కట్టినవారు కొండను తీసివేయలేదు, లారీని తీసివేసిరి. పిల్లవాని బలమునకు తగిన కష్టమును వానికే విడిచి, వాని బలమునకు మించిన అపాయమును పెద్దలు తొలగించిరి. మేము వ్రాసిన వ్యాసము ఈ రెంటిని కలిపివేసినది. అదియే అందలి తప్పు.

ఆ తొలగించుట యెట్లు జరిగినదో చెప్పెదము. ఆ దేశమున 1963 లో రైల్వేలనుగూర్చి ఒక నివేదిక వెలువడెను. లాభము రాని మార్గములను మూసివేయుమని అది చెప్పగా, వేలకొలది మైళ్ల పట్టాలు ఊడదీయబడినవి. కట్టలు మిగిలెను, త్రవ్విన కనుమలు మిగిలెను, వంతెనలు మిగిలెను. ఆవిరియంత్రము నిట్టనిలువు ఎక్కలేదు గనుక, రైలుమార్గము వేసినవారు పల్లములను పూడ్చి మిట్టలను త్రవ్వి సమముగా చేసియుండిరి. లోయలు పూడి కొండలు అణగు రాజమార్గమునుగూర్చి యెషయా ప్రవక్త పలికిన పలుకు చదివినవారికి ఆ దృశ్యము కొత్త కాదు. 1977 లో బ్రిస్టల్ నగరమున కొందరు సామాన్యులు కూడి, ఈ విడిచిన కట్టలు నడచువారికిని సైకిలువారికిని పనికివచ్చునని తలంచిరి. వారి సంఘమే తరువాత సస్ట్రాన్స్ అను పేరుతో ప్రసిద్ధమైనది. మొదట బ్రిస్టల్ నుండి బాత్ పట్టణమువరకు తామే పారలు పట్టి బాట వేసిరి. 1980 దశకమున పలు బాటల నిర్మాణమున, పనిలేని యువకులకు ప్రభుత్వము కూలి ఇచ్చి పని చేయించిన పథకము వారికి తోడ్పడెను.

మేము పోయిన దారిలో ఇట్టి పాత రైలుకట్టలు మూడు నాలుగు చోట్ల తగిలినవి. వైట్‌హేవెన్ విడువగానే ఒకప్పుడు ఇనుపరాయి మోసిన కట్ట వచ్చును. కెజిక్ పట్టణమునుండి థ్రెల్కెల్డ్ గ్రామమువరకు గ్రెటా నది ప్రక్కన మరియొకటి కలదు. 1875 నుండి నడచుచున్న క్రైస్తవ మహాసభలవలన కెజిక్ పేరు మన సంఘములలో చాలమందికి తెలిసినదే. స్టాన్‌హోప్ వద్ద మరల కొండనెక్కిన పిమ్మట 1834 లో తెరవబడిన సున్నపురాతి రైలుమార్గపు కట్ట వచ్చును. నిటారైన చోట్ల ఆ కాలమున కొండపై నిలిపిన యంత్రములు మోకులతో బండ్లను పైకి లాగుచుండెడివి. ఆ కట్టపై కాన్సెట్ వరకు పెడలు త్రొక్కకుండనే దిగిపోవచ్చును. నడుమ హౌన్స్‌గిల్ అను లోతైన వాగుపై 1858 లో కట్టిన ఇటుకల వంతెనను దాటితిమి. దానిని నిర్మించినది థామస్ బౌచ్ అను ఇంజనీరు. కెజిక్ రైలుమార్గమునకును ఆయనయే ఇంజనీరు. 1879 లో కూలిన టే వంతెన వలన ఆయన పేరు చెడినది గాని, హౌన్స్‌గిల్ వంతెన నేటికిని నిలిచి పిల్లల సైకిళ్లను మోయుచున్నది. కాన్సెట్ ఊరిలో నూరేండ్లకు పైగా నడచిన ఉక్కు కర్మాగారము 1980 లో మూతపడి వేలమంది పనివారు వీధిని పడిరి. ఆ ఊరి మీదుగానే నేడు కుటుంబములు కూడి సైకిళ్లపై పోవుచున్నవి. పోయిన జీవనములను బాట తిరిగి తెచ్చినదని మేము అనము. విడువబడినది వ్యర్థము కాలేదని మాత్రము అందుము.

కెజిక్ వద్ద మేము చూచినది మరియొకటి చెప్పవలెను. 2015 డిసెంబరులో డెస్మండ్ అను తుపానువలన గ్రెటా నది పొంగి ఆ బాటపైనున్న రెండు వంతెనలను కొట్టుకొనిపోయెను. మార్గము తెగిపోయెను. అంతటితో చాలించియుండవచ్చును. అది రాజమార్గము కాదు, దానివలన ఎవరికిని పన్ను రాదు. అయినను అచ్చటి జనులు పట్టువిడువక కోరగా, వంతెనలు మరల కట్టబడి, 1970 దశకమున రోడ్డు వేసినపుడు పూడ్చివేసిన ఒక సొరంగము సయితము త్రవ్వి తీయబడి, సరిగా అయిదేండ్లకు, 2020 డిసెంబరులో బాట తెరవబడినది. బాట వేయుటకంటె బాటను కాపాడుట ఎక్కువ ప్రేమను కోరునని ఆ సొరంగములో నడచునపుడు మాకు తోచినది.

ఇందుకు ఆక్షేపణలు కలవు. అది ధనికదేశము, మనము పేదలమని కొందరందురు. ఆ బాటకు ముఖ్యధనము డబ్బు కాదు, పారవేసిన కట్టలు. అట్టివి మనకును కలవు. వాటిని గూర్చి ముందు చెప్పెదము. సుఖమైన బాటలవలన పిల్లలు మెత్తబడుదురని మరికొందరందురు. వారు ఒకమారు హార్ట్‌సైడ్ ఎక్కి వచ్చి ఆ మాట చెప్పవలెను. అచ్చటి యేర్పాటు నిర్దోషమని మేమును అనము. పలుచోట్ల ఆ బాట మోటారు రోడ్డుతో కలియును. హార్ట్‌సైడ్ శిఖరమునొద్ద పెద్దరోడ్డుపై మోటారు సైకిళ్లు మా చెవుల ప్రక్కనుండి దూసికొనిపోయినవి. వానలో కంకర బాటపై మా చక్రము రెండుమారులు జారినది. అయినను ఆ అయిదు దినములలో ఎక్కువ భాగము మేము వెనుదిరిగి చూడక త్రొక్కితిమి. మన రోడ్డుపై సైకిలు త్రొక్కువారికి ఆ సుఖమెంతటిదో తెలియును.

యాత్ర ముగిసినది టైన్ నది ముఖమున. ఆవలి గట్టున సౌత్ షీల్డ్స్ పట్టణము. దానిలో చేరిన వెస్టో అను గ్రామమున 1817 లో హెన్రీ వాట్సన్ ఫాక్స్‌గారు జన్మించిరి. ఆయనయు రాబర్ట్ నోబుల్‌గారును 1841 లో మచిలీపట్టణమునకు వచ్చిరి. నోబుల్‌గారు 1843 లో పాఠశాల స్థాపించిరి. ఫాక్స్‌గారు తెలుగు నేర్చుకొని గ్రామములు తిరుగుట తమ పనిగా పెట్టుకొనిరి. ఆరోగ్యము చెడి స్వదేశము చేరి 1848 లో డర్హాములో మరణించిరి. అప్పటికి వారి వయస్సు ముప్పదియొక్కటి. మన దారులు నాడెట్లుండెనో ఆలోచింపుడు. వారు ధైర్యముతో తిరిగిరి, ఆయుస్సుతో వెల చెల్లించిరి. పెద్దలు తమంతట తాము ఎన్నుకొని అట్టి వెల చెల్లించుట త్యాగము. పిల్లలచేత చెల్లించునట్లు చేయుట త్యాగము కాదు, మన అశ్రద్ధ.

ఇప్పుడు మన మాట. మన గోదావరి డెల్టాలో విడిచిన రైలుకట్టల వంటివి ఏవి? కాలువ గట్లు. 1852 లో ధవళేశ్వరము ఆనకట్ట ముగిసిన పిమ్మట కాటన్ దొరగారి పథకమున త్రవ్విన కాలువలు పొలములకు నీరు పారించుటకే గాక పడవలు నడచుటకును ఉద్దేశింపబడినవి. పడవలవారు మోకు భుజమున వేసికొని గట్టు వెంట నడచుచు పడవలను లాగెడివారు. గట్లపై ఆ నడకదారి అట్లు ఏర్పడినది. నేడు పడవలు మిక్కిలి తగ్గిపోయినవి, గట్లు నిలిచియున్నవి. అవి రైలుకట్టకంటెను సమమైనవి. లారీ వాటిపై పోదు. పలుచోట్ల వాటిపై తుమ్మలు మొలచినవి, కొన్నిచోట్ల ఆక్రమించుకొన్నారు, కొన్నిచోట్ల చెత్త పోయుచున్నారు. మనకు కొండలు లేవు గనుక మన పిల్లలు ఎండను ఎదురుగాలిని జయింపవలెను. ఆ కష్టమును వారికి విడిచిపెట్టుదము.

కావున మా మనవి మూడు మాటలు. విద్యార్థులారా, ఈ వేసవిలో మీమీ ఊరినుండి పాఠశాలవరకు గల గట్టును నడచి, ఎచ్చట తెగినదో, ఎచ్చట వంతెన లేదో, ఎచ్చట నీడ కలదో ఒక పటము గీసి తెండు. భూగోళపు తరగతిలో ఆ పటములను కలిపి ఒక పెద్ద పటము చేయుదము. తలిదండ్రులారా, ఆ పటమును పట్టుకొని పంచాయతీ వారియొద్దకును కాలువల శాఖవారియొద్దకును మాతో కూడ రండు. ఒక్క ఉపాధ్యాయుడు వ్రాసిన అర్జీ బల్లపై నిలిచిపోవును, నూరుగురు తలిదండ్రులు పట్టుకొని నిలిచిన అర్జీ చదువబడును. మిషను పెద్దలారా, ఏటేట ఒక శనివారము గడ్డపారలకును గంపలకును సెలవు దయచేయుడు. బ్రిస్టలువారు అంతకంటె ఎక్కువతో మొదలుపెట్టలేదు.

ఆ విద్యార్థి యిప్పుడు మా పదవ తరగతిలో ఉన్నాడు. ఒక కాలు కొంచెము ఈడ్చి నడచుచున్నాడు. మేము ఇంగ్లండునుండి వచ్చిన కొన్నాళ్లకు వానిని పిలిచి, మేము వ్రాసినది తప్పని చెప్పితిమి. వాడు తల వంచుకొని నిలిచి, "కాలువ గట్టున ఒక మైలు బాగానే ఉందండి, ఆ తర్వాతే తుమ్మలు" అనెను. మేము అడుగకమునుపే వాడు చూచి వచ్చినాడు. మా పటములో మొదటి మైలు వాడు గీసినదే.